మొదటి ట్రాలీకి తగిలిన దిష్టి

సోలార్ పలక కొనడానికి వెళ్తే దుకాణంవాడు పైవైపే చూపిస్తాడు. నీలంగా నిగనిగలాడుతూ బాగానే ఉంటుంది. తిప్పి వెనకవైపు చూపించమని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నా ఉద్యోగంలో చివరి ఏళ్ళన్నీ ఆ వెనకవైపు మీదే గడిచాయి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ‘మీ సర్వీసులో మర్చిపోలేని సంగతి ఒకటి చెప్పండి మాస్టారూ’ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వీపే.

పేర్లు రాయను. అందరూ నిక్షేపంలా ఉన్నారు. ఒకరిద్దరు నన్ను సంతలో పట్టుకుని నిలదీయగలిగేంత దగ్గర్లో ఉన్నారు.

2010 తర్వాతి దశాబ్దం సగం దాటిన రోజులవి. కొత్తవలస దాటాక, కిరండూల్ వెళ్ళే రైలుపట్టాలకి కాస్త ఎడంగా మా ఫ్యాక్టరీ ఉండేది. సోలార్ పలకల్లో బిగించే సెల్స్ తయారుచేసేవాళ్ళం. అంతకుముందు సగం జీవితం నేను విజయనగరం వైపు, ఉక్కులో కలిపే ఫెర్రో ఎల్లాయిస్ కరిగించే కొలిమి దగ్గర గడిపాను. అక్కడ సాయంత్రానికి మొహం ఏ రంగులో ఉందో ఇంట్లోవాళ్ళు పోల్చుకోలేకపోయేవారు. ఇక్కడేమో తల నుంచి కాలిదాకా తెల్ల తొడుగు వేసుకుని, గాలి కొట్టే గదిలో ఒళ్ళంతా దులిపించుకుని లోపలికి వెళ్ళాలి. మొదటిరోజు అద్దంలో చూసుకుంటే బాప్తిస్మం తీసుకోబోతున్నవాడిలా ఉన్నాను. మాది తాతల నాటి నుంచి బాప్టిస్టు మిషన్ చర్చి కుటుంబం లెండి, నాకు అలాగే తోచింది.

సెల్ అంటే అరచేతికన్నా పెద్దదైన, గట్టిగా ఊపిరి పీలిస్తే విరుగుతుందేమో అనిపించే పలచటి సిలికాన్ ముక్క. మేం దాన్ని బిళ్ళ అనేవాళ్ళం. ఎండ తగిలితే అందులో ఎలక్ట్రాన్లు విడివడి తిరుగుతాయి. అవి పైనున్న సన్నటి వెండి గీతల్ని చేరుకుంటే మనకి కరెంటు. దారిలోనే ఎక్కడో చిక్కుకుని చల్లారిపోతే ఉత్త వేడి. పడిన ఎండలో ఎంత భాగం కరెంటుగా చేతికొచ్చిందన్నదే సామర్థ్యం. దాన్ని చిటికెడు పెంచడానికి ప్రపంచంలో పెద్ద పెద్ద బుర్రలు జుట్టు పీక్కుంటాయి.

పైవైపు చెయ్యాల్సినవన్నీ అప్పటికే చేసేశారు. వెలుగు తగిలి తిరిగిపోకుండా బిళ్ళ ముఖం మీద కంటికి ఆనని గోపురాలు చెక్కారు. దానిమీద నీలం పూత పూశారు. వెండి గీతల నీడ పడి ఎండ వృథా కాకుండా వాటిని వెంట్రుకలంత సన్నం చేశారు. ఇక మిగిలింది వెనకవైపు. పాత రకం బిళ్ళకి వెనకంతా అల్యూమినియం పేస్టు మెత్తేసేవాళ్ళం. తిరుగుతూ తిరుగుతూ అటు పోయిన ఎలక్ట్రాన్లు ఆ అల్యూమినియంలో పడి చచ్చేవి. ఎండలోని ఎర్రటి వెలుగు కొంత బిళ్ళని దాటి వెనకదాకా పోయి, అదీ అక్కడే వేడిగా మారిపోయేది.

కొత్త రకంలో ముందుగా వెనకవైపు అల్యూమినియం ఆక్సైడ్ పొర వేస్తారు. అదెంత పలచనంటే వేసినట్టు కంటితో చూసి చెప్పలేం. ఆ పొరలో రుణావేశం ఉంటుంది. దగ్గరికి వచ్చిన ఎలక్ట్రాన్లని అది వెనక్కి తోలేస్తుంది. దానిమీద ఇంకో కాపు పొర వేసి, లేజరుతో అక్కడక్కడ సన్నటి గాట్లు పెట్టి, ఆ గాట్లలో మాత్రమే అల్యూమినియం సిలికాన్‌ని తాకేలా చేస్తారు. దాటిపోబోయిన ఎర్ర వెలుగు కూడా ఈ పొరలకి కొట్టుకుని మళ్ళీ లోపలికి వస్తుంది. అంటే కొత్త బిళ్ళ చేసే ఘనకార్యమల్లా ఉన్నదాన్ని పోనివ్వకపోవడమే. సంసారం తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ బిళ్ళల తయారీ లైనుకి నేనే ఇన్‌చార్జిని. మా లైనువాళ్ళకి ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తుంటే వెనక బల్ల మీంచి మా అప్ప అంది:

“అంటే వల్లో పడ్డ సేప అడుగు కన్నంలోంచి జారిపోతన్నాది. ఇప్పుడు మనం ఆ అడుగు కుడతన్నాం. అంతేనా తమ్ముడా?”

“అంతే అప్పా.”

“మరి ఇంతసేపు బొమ్మలేటి?”

అప్ప అంటే మా వైపు అక్క. ఆమె లోడింగు విభాగంలో పెద్ద. పూసపాటిరేగ వైపు సముద్రం ఒడ్డు పల్లె నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఆడవాళ్ళ జట్టుకి నాయకురాలు. బిళ్ళల్ని ట్రాలీలోంచి తీసి మిషను పళ్ళెంలో సర్దడం వాళ్ళ పని. అది మా చిన్న ఫ్యాక్టరీలో చేత్తోనే జరిగేది. వలలోంచి నెత్తళ్ళు విడదీసిన చేతులవి, ఒక్క బిళ్ళ విరిగేది కాదు. లైనులో మేనేజరు దగ్గర్నుంచి తోటమాలి వరకు అందరూ ఆమెని అప్పా అనే పిలిచేవారు. నన్ను ఆమె తమ్ముడా అనేది. బయటివాళ్ళ ముందు మాత్రం సారు అనేది. ఆ సారులో నాకు వెటకారం వినపడేది.

ఆమె భర్త ఒకప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ పోయి అక్కడి బోట్ల మీద చేపల వేటకి వెళ్ళేవాడు. మా తీరంలో సగం పల్లెల మగవాళ్ళ బతుకు అదే. అక్కడి సముద్రంలో దేశాల మధ్య గీత నీళ్ళ మీద కనపడదు. బోటు కాస్త అటు జరిగితే అవతలివాళ్ళు పట్టుకుపోయి జైల్లో వేస్తారు, మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పలేం. అప్పకి మా దగ్గర ఉద్యోగం స్థిరపడ్డాక ఆమె మొగుణ్ణి ఇంక వెళ్ళనివ్వలేదు. “ఇక్కడే ఉన్న సముద్రంలో దొరికిన కాడికి పట్టు. మిగతాది నాను సూసుకుంతాను” అందట. ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె మొహంలో ఉన్న దర్జా నేను ఏ ఆఫీసరు మొహంలోనూ చూడలేదు.

విదేశీ సరుకు చవగ్గా వచ్చి పడుతుంటే మా పాత బిళ్ళలు అడిగే నాథుడు లేకుండా పోయాడు. యజమాని ధైర్యం చేసి వెనకవైపు పొర వేసే మిషను తెప్పించాడు. పలకలు తయారుచేసే ఒక పెద్ద కంపెనీవాళ్ళు, ‘మా మనుషులు వచ్చి, మీ లైనులోంచి మాకిష్టమైన ట్రాలీ తీసి కొలుచుకుంటారు, నచ్చితే మొత్తం సరుకు మేమే తీసుకుంటాం’ అన్నారు. నచ్చకపోతే మిషను వేరే రాష్ట్రంలోని ఇంకో ఫ్యాక్టరీకి అమ్మేసి లైను మూసేస్తానని యజమాని మాకు ముఖం మీదే చెప్పాడు. ఆయన తప్పు లేదు. కానీ ఆ మాట విన్నాక అప్ప నా దగ్గరికొచ్చి మెల్లగా, “లైను మూస్తే మాయన మళ్ళీ గుజరాత్ బోటెక్కాల తమ్ముడా” అంది. నాకు లైను అంటే అప్పట్నుంచి ఆ మాటే గుర్తొచ్చేది.

కొత్త మిషను మొదటి వారం పరుగులు తీసింది. చివర్లో కొలిచే యంత్రం దగ్గర ఒక తెల్లబోర్డు ఉండేది. దానిమీద రోజూ రాసే సామర్థ్యం అంకె పాత బిళ్ళలు కలలో కూడా చూడనంత పైకి పోయింది. మేనేజరు కోవా బిళ్ళలు పంచిపెట్టాడు. యజమాని చుట్టాలు వచ్చి చూశారు, బ్యాంకువాళ్ళు వచ్చి చూశారు, పక్క ఫ్యాక్టరీవాళ్ళు కూడా ఏదో పని పెట్టుకుని వచ్చి చూశారు. అందరూ అద్దాల అవతల నిలబడి ‘అబ్బో’ అన్నారు.

రెండో వారం అంకె జారింది. ఆ తర్వాత ఇంకా జారింది. ఏ రోజుకారోజు దిగడమే.

లైనంతా ఒకే మాట: దిష్టి తగిలింది. నేను కసిరాను. మా ముత్తవ్వ కాలంలోనే మిషన్ దొరసాని మా ఇంట్లో దిష్టి తీయడం మాన్పించింది. నాకు ఆ నమ్మకమూ లేదు, దాని గురించి వినే ఓపికా లేదు. నేను కోపిష్టిని కూడా. కొలిమి దగ్గర పనిచేసినవాడికి మెత్తగా మాట్లాడటం ఎప్పుడు అలవాటవుతుంది?

మా మేనేజరు గుంటూరు మనిషి. అరుస్తాడు, మరుక్షణం టీ తాగించి క్షమాపణ చెప్పినట్టు చూస్తాడు. ఆయనకి ముందు అనుమానం వచ్చింది ఖనిజం గూడ్సుల మీద. కిరండూల్ నుంచి ఇనప ఖనిజం మా పక్కనుంచే విశాఖ పోతుంది. సిలికాన్‌కి ఇనుము విషం. ఆ ఎర్ర ధూళి ఏ మూలనుంచో లోపలికి వస్తోందని గాలి దారులన్నీ కొత్త జల్లెళ్ళతో బిగించాం. గుమ్మాల దగ్గర కాళ్ళకి అంటుకునే చాపలు పరిచాం. అంకె కదల్లేదు. తర్వాత బిళ్ళలు కడిగే నీళ్ళని అనుమానించాం. ఆమ్లాలు మార్చాం. మిషను అమ్మినవాళ్ళని ఫోన్లో తిట్టాం. వాళ్ళు మా భాష రాని అదృష్టవంతులు.

అసలు జాడ పట్టినవాడు మా క్వాలిటీ ఇంజినీరు. హైదరాబాదు నుంచి వచ్చినవాడు, పెళ్ళి కావలసినవాడు, మాటలో కాస్త తొందర, పనిలో బంగారం. “మనం బిళ్ళలన్నీ కలిపేసి సగటు చూస్తున్నాం సార్. ట్రాలీకో గుర్తు పెట్టి విడివిడిగా కొలుద్దాం” అన్నాడు. అలా చేస్తే బయటపడింది. ప్రతి పొద్దుటి షిఫ్టులో మొదటి ట్రాలీ మాత్రమే చెడుతోంది. ఆ తర్వాతివన్నీ బాగానే ఉన్నాయి. ఆ మొదటిదే మొత్తం సగటుని కిందికి లాగేస్తోంది.

ఆ మొదటి ట్రాలీ బిళ్ళల్ని చీకటి గదిలోకి తీసుకెళ్ళాం. ఎండ పడితే కరెంటిచ్చే బిళ్ళకి మనం ఎదురు కరెంటిస్తే అది తిరిగి వెలుగుతుంది. ఆ వెలుగు మన కంటికి కనపడదు, ప్రత్యేకమైన కెమెరాకి కనపడుతుంది. బాగున్న బిళ్ళ తెర మీద అంతటా ఒకే తెలుపులో ఉంటుంది. జబ్బు ఉన్నచోట నల్లగా ఉంటుంది. మొదటి ట్రాలీ బిళ్ళల అంచుల్లో మసక మచ్చలున్నాయి. ఒకవైపు రెండు వేళ్ళంత, ఎదురుగా బొటనవేలంత.

“ఇవి చేతులు సార్” అన్నాడు ఇంజినీరు నెమ్మదిగా.

“గ్లౌజులున్నాయి కదా?”

“గ్లౌజులకే ఏదో అంటుతోంది. లోడింగులో అందరూ సముద్రంవైపు వాళ్ళే. పొద్దున్నే చేపలు కడిగి, కూర వండి వస్తారు. అందుకే మొదటి ట్రాలీ.”

నాకు ఒళ్ళు మండింది. “చేప తినని ఇల్లు ఈ జిల్లాలో ఎక్కడుందో చూపించు. నేను పొద్దున్న కవ్వళ్ళ పులుసు తినే వచ్చాను. నన్నూ తీసేస్తావా?” అన్నాను.

“నేను తీసెయ్యమనలేదు సార్. మచ్చలు చూపించాను.”

అతని మాట నిజమే. మేనేజరు ఆ మచ్చలు చూసి, “కొనేవాళ్ళు వచ్చే ముందు లోడింగు జట్టుని మార్చేద్దాం. సముద్రంవైపు వాళ్ళని ప్యాకింగులో వెయ్యండి” అన్నాడు. ప్యాకింగు రోజుకూలి పని. పని ఉన్న రోజే పిలుస్తారు. అప్ప చేతిలోంచి ఉద్యోగం జారిపోతున్నట్టే. రెండు రోజులు ఆగమని బతిమాలాను. ఆయన తల పట్టుకుని, “రెండే” అన్నాడు.

మర్నాడు పొద్దున్న టీ సమయంలో సైకిల్ స్టాండు వెనకనుంచి కాలిన వాసన వచ్చింది. ఫ్యాక్టరీలో పొగ అంటే నాకు ప్రాణం గుబేలుమంటుంది. పరుగెత్తాను. పెంకు మీద క్యాంటీన్ నిప్పులు పెట్టుకుని, వాటిమీద ఏదో చిటపటలాడిస్తూ గొంతుక్కూర్చుని ఉంది అప్ప. ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు.

“ఏటప్పా ఇది?”

“సూసినావా తమ్ముడా? ఇన్ని మిరగాయలు కాల్తన్నా ఘాటే రాలేదు. ఎంత దిష్టి ఉన్నాదో సూడు” అంది, నేను రావడమే మంచిదయినట్టు.

“దేనికి తీశావు?”

“దేనికేటి? ట్రాలీకి. కొత్త మిషను మీద జనం కళ్ళు పడిపోనాయి. రోజూ పొద్దున్న మొదటి ట్రాలీకి మూడుసార్లు తిప్పి తీసుకొస్తన్నాను.”

“లోపలా? ఉప్పు లోపలికి తీసుకెళ్ళావా?”

“మరి బయట తిప్పితే లోపలున్న దానికి ఎలగ తగుల్తాది?”

అడిగిన కొద్దీ అంతా బయటికొచ్చింది. కాగితంలో పొట్లం కట్టి తొడుగు జేబులో పెట్టుకుని వెళ్ళేది. గ్లౌజులు వేసుకున్న చేత్తోనే ఉప్పు పిడికిట పట్టి ట్రాలీ చుట్టూ తిప్పి, మళ్ళీ పొట్లంలో పోసుకుని, అదే చేత్తో బిళ్ళలు సర్దేది. టీకి బయటికొచ్చి కాల్చేది. తిరిగి వెళ్ళేటప్పుడు కొత్త గ్లౌజులు. అందుకని రెండో ట్రాలీ నుంచి అంతా శుభ్రం. ఆమె ఒక్కతే కాదు, లైనులో సగంమంది ‘అప్పా, ఈ వేళ కాస్త గట్టిగా తియ్యి’ అని ఆమెకి రోజూ చెప్పేవారట. అంకె దిగినకొద్దీ ఆమె పిడికిట్లో ఉప్పు పెరిగింది.

“ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు?”

“లైను పెట్టిన కాడ్నించీ. అప్పుడు అమాసకి అమాసకి. ఇప్పుడు రోజూ. అప్పుడు ఏటీ అవనేదు కదా, తమ్ముడా?”

నేను అక్కడే ఇటుకల మీద కూలబడ్డాను. ఆమె అన్నది అక్షరాలా నిజం. పాత బిళ్ళకి ఏమీ అవ్వలేదు. దాని వెనకవైపు ఎలాగూ అల్యూమినియం మెత్తేవాళ్ళం. అక్కడ ఉప్పు పడ్డా, ఊడ్చిన మట్టి పడ్డా దానికి పట్టేది కాదు. ఈ కొత్త బిళ్ళకి ప్రాణమంతా వెనకనున్న ఆ పలచటి పొరలో ఉంది. ఉప్పులోని సోడియం దానికింద చేరి, తర్వాత బిళ్ళల్ని కాల్చే కొలిమి వేడికి లోపలికి పాకి, ఎలక్ట్రాన్లని తోలేసే శక్తిని చంపేస్తోంది. ఏళ్ళ తరబడి ఎవరికీ హాని చెయ్యని ప్రేమ, బిళ్ళ సున్నితమయ్యేసరికి హాని అయింది. ఇందులో ఎవరిది తప్పని చెప్పను?

నాకు వచ్చినంతలో విడమరిచి చెప్పాను. ఆమె పుల్లతో నిప్పులు కదిపింది.

“అయితే ఆ దిష్టి నాదేనేటి తమ్ముడా?”

“దిష్టి కాదప్పా. ఉప్పు.”

“నా సేత్తోనే మాయన్ని మళ్ళీ బోటెక్కించబోనానా?” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సముద్రం మీద తుపాను హెచ్చరిక వచ్చినా చెదరని మనిషి అలా అయిపోయింది. ఓదార్చే విద్య నాకు రాదు. “లే, పెంకు ఆర్పు, ఎవరైనా చూస్తారు” అని మాత్రం అనగలిగాను.

మధ్యాహ్నం మేనేజరు గదిలో నేనూ ఇంజినీరూ కూర్చున్నాం. మొదటి ట్రాలీ మీద గ్లౌజుల ద్వారా ఉప్పు పడుతోందని, దిష్టి తీయడం వల్లనని, రేపటి నుంచి పడదని చెప్పాను. మేనేజరు కుర్చీలోంచి లేచిపోయాడు.

“కోట్ల రూపాయల మిషన్లో ఉప్పు తిప్పుతారా? ఎవరది? ఈ సాయంత్రానికి గేటు బయట ఉండాలి.”

“పేరు నన్ను అడక్కండి సార్. కారణం చెప్పాను, మందు చెప్పాను.”

“పేరు చెప్పకపోతే మీరు కూడా...”

తలుపు దగ్గర చప్పుడైంది. అప్ప. ఎవరూ పిలవలేదు. తలకి తెల్ల టోపీ అలాగే ఉంది.

“సారూ, ఆ ఉప్పు నాదే. నన్ను తీసీండి, మా జట్టు పిల్లల జోలికి పోకండి. ఒక్కటి అడుగుతాను. తవరి గుమ్మానికి యేలాడతన్న నిమ్మకాయా మిరగాయలూ ప్రతి శనివారం కడతన్నదీ నానే. అవి కూడా తీసీమంటారా?”

మేము ముగ్గురం ఒకేసారి తలెత్తి గుమ్మం వైపు చూశాం. నిమ్మకాయ నవనవలాడుతూ ఉంది. మేనేజరు దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, కూర్చున్నాడు. ఇంజినీరు నేలవైపు చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు. అతని మోటారు సైకిలు హ్యాండిల్‌కి నల్లతాడు కట్టి ఉండేదని నాకు తెలుసు. నేను మాత్రం ఏమంత గొప్పవాణ్ణి? కొలిమి రోజుల్లో బైబిలు వాక్యం కాగితం మీద రాసి టోపీలో పెట్టుకునేవాణ్ణి.

“దాన్ని ఉండనీ” అన్నాడు చివరికి మేనేజరు. గొంతు బాగా తగ్గింది. “చూడప్పా. ఉప్పు లోపలికి రాకూడదు. నువ్వు రావాలి. అర్థమైందా?”

“అయ్యింది సారూ.”

“లోడింగు జట్టు మారదు” అన్నాడు నావైపు తిరిగి, ఆ ఆలోచన నాదే అయినట్టు. తర్వాత టీ తెప్పించాడు. ఇంజినీరు తన టీ అప్పకిచ్చి, “చేపల గురించి నేనన్న మాట మీకు తెలిసిందా?” అని అడిగాడు. “బస్సంతా తెలిసింది బాబూ. ఆదివారం మా ఇంటికొచ్చి తినీసి పో. అప్పుడు సెప్పు” అంది. వెళ్ళాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు అతను హైదరాబాదు వెళ్ళలేదు.

ఇక కొనేవాళ్ళు వచ్చిన రోజు.

పొద్దున్న గేటు దగ్గర కంపెనీ బస్సు ఆగింది. మిగతా ఆడవాళ్ళంతా దిగి లోపలికి పోయారు. అప్ప ఒక్కతే గేటు బయట రోడ్డు పక్కన నిలబడి ఉంది. దగ్గరికి వెళ్తే ఆమె చేతిలో పొట్లం.

“అప్పా!”

“లోపలికి తేను తమ్ముడా. ఒట్టు. గానీ ఈ వేళ కొత్తోళ్ళొచ్చి కళ్ళల్లో కళ్ళెట్టి సూస్తారు. దిష్టి తీకుండా బిడ్డని ఎలగ సూపించీడం? నా సెయ్యి ఆడదు. సెయ్యి ఆడకపోతే బిళ్ళ ఇరుగుతాది.”

“మరేం చెయ్యమంటావు?”

“లైనుకి తియ్యకూడదన్నావు. నీకు తీస్తాను. లైను నీదే కదా.”

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆ దారినే మా చర్చి సంఘపెద్ద రోజూ పాలకేంద్రానికి వెళ్తాడు. మా ముత్తవ్వకి దొరసాని చెప్పిన మాటలన్నీ నాకు ఒక్కసారి గుర్తొచ్చాయి. అప్ప నావైపు చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు, భయం ఉంది. ఆ భయానికి నా దగ్గర వేరే మందు లేదు.

“బేగి కానీ” అని తూర్పుకి తిరిగి నిలబడ్డాను.

మూడుసార్లు తిప్పింది. పెదాల మధ్యే ఏదో గొణిగింది. ఆ ఉప్పూ మిరపకాయలూ దూరంగా తుప్పల్లోకి విసిరేసింది. ఆ తర్వాత గేటు పక్క కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో తోమింది. ఒకసారి తోమి తృప్తిపడక మళ్ళీ తోమింది. తొడుగు గది బయట ఇంకోసారి కడిగింది. చర్మం ఎర్రబడింది. కొత్త గ్లౌజులు నేనే అందించాను.

వచ్చినవాళ్ళు ఇద్దరు. మర్యాదస్థులే, మాటలు తక్కువ. ఏ ట్రాలీ కావాలని అడిగితే పెద్దాయన, “పొద్దున్న మొదటిది” అన్నాడు. మా గొడవ వాళ్ళ చెవిన పడిందో, ఉత్తినే అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. మేనేజరు నావైపు చూశాడు. నేను అద్దం అవతల ఉన్న అప్పవైపు చూశాను. ఆమె బిళ్ళలు సర్దుతోంది. ఒక్కొక్కటే, తొందర లేకుండా.

వెనక పొర పడింది, కాపు పొర పడింది, లేజరు గాట్లు పడ్డాయి, వెండి గీతలు అచ్చయ్యాయి, బిళ్ళలు కొలిమిలోంచి బయటికొచ్చాయి. నడిచినంత దూరం మేం ఆ ట్రాలీ వెనకే నడిచాం, పెళ్ళికూతురి పల్లకీ వెనక నడిచినట్టు. చివర కొలిచే యంత్రం దగ్గర ఎండలాంటి మెరుపు ఒకటి బిళ్ళ మీద తటాలున పడి పోతుంది, తెర మీద అంకె వస్తుంది. మొదటి అంకె వచ్చింది. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. రెండోది, మూడోది, పదోది. అన్నీ ఒకే తీరు. మొదటి వారం కోవా పంచినప్పటికన్నా మెరుగు. అప్పుడు కూడా ఎవరో ఎక్కడో కాస్త ఉప్పు తిప్పే ఉంటారు.

పెద్దాయన చివరి బిళ్ళ దాకా కొలిచి, ఒక బిళ్ళ తీసి తిప్పి వెనకవైపు చూశాడు. మొహం విప్పారింది. “ఎంత బాగుందండీ! ఇంత చక్కటి సరుకు ఈ మధ్య నేనెక్కడా చూడలేదు” అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా.

లైనులో ఉన్నవాళ్ళంతా చేస్తున్న పని ఆపి అప్పవైపు చూశారు. అప్ప కుడిచెయ్యి దానంతటదే పిడికిలి బిగుసుకుంది. లోపల ఏమీ లేదు. ఆమె ఆ పిడికిలిని చూసుకుని, మెల్లగా వేళ్ళు విప్పి, తర్వాతి ట్రాలీ మీద చెయ్యి వేసింది. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అన్నిటిలోకీ ధైర్యమైన పని అదే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, తెల్ల తొడుగులో తుడుచుకునే వీలు కూడా లేదు.

సాయంత్రం వాళ్ళు ఒప్పందం రాసుకుని వెళ్ళిపోయారు. బస్సు బయల్దేరే ముందు అప్ప కిటికీ పక్కన కూర్చుని నన్ను పిలిచింది.

“తమ్ముడా, ఆ అంకె ఎంతొచ్చింది? సరిగ్గా సెప్పు.”

చెప్పాను. ఆమె పెదవులు కదిపి ఒకసారి తనలో తను అనుకుంది. తర్వాత కిటికీలోంచి వంగి, నా చెయ్యి పట్టుకుంది.

“ఇంకెవరికీ సెప్పకు. బోర్డు మీద రాసినదీ సెరిపీసి రా. ఉప్పెలాగూ వద్దన్నారు. కనీసం నోరన్నా కట్టుకోండి.”

తిరిగి వెళ్ళి నేనే బోర్డు తుడిచాను. మేనేజరు చూసి ఎందుకని అడగలేదు.

ఆ తర్వాత ఇంకా మెరుగైన బిళ్ళలు వచ్చాయని, వెనకా ముందూ రెండువైపులా ఎండ తాగేవి వచ్చాయని మీరు నాకన్నా బాగా చదివే ఉంటారు. నేను రిటైరయ్యాను. అప్ప మొగుడు ఊళ్ళోనే ఉన్నాడు, తీరం దాటి ఎక్కడికీ పోలేదు. ఈ సంగతి విన్న ప్రతి కుర్రాడూ చివర్లో ఒకటే అడుగుతాడు, ఇంతకీ ఆ రోజు సామర్థ్యం ఎంత వచ్చింది మాస్టారూ అని. చెప్పను. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. కానీ లైను ఇంకా నడుస్తోంది.